ఇంటికొచ్చిన పాస్‌పోర్టు

పటాన్‌చెరు,
12-8-1998

అనసూయకు,

ఇక్కడ మేమంతా క్షేమం. నిన్న మీ అన్న డ్యూటీకి పోయాక ఒకాయన వచ్చాడు. మద్రాసు నుంచి నీ స్క్వాష్ కోచ్ పంపాడట. మలేషియా పోటీ కోసం, పోస్టులో ఇంటికొచ్చిన నీ పాస్‌పోర్టు ఇమ్మన్నాడు. నువ్వు రాశావని చీటీ చూపించాడు. అందులో నన్ను పేరు పెట్టి పిలుస్తూ రాసి ఉంది. నువ్వు ఏనాడూ వదినా అనకుండా నన్ను పిలవలేదు.

"జల్దీ ఇయ్యమ్మా, పిల్ల ఆడ పరేషానైతుంది" అన్నాడు.

"ఇంకా రాలేదన్నా" అని తలుపు చాటు నుంచే చెప్పాను.

డబ్బులిచ్చే పోటీలో నువ్వు ఆడబోయేది ఇదే మొదలు. అది నా అనుమానం వల్ల పోకూడదు. ఆయనను నిజంగా నువ్వే పంపి ఉంటే, ఊరు విడిచిన రోజు ఎవరూ చూడకుండా నీ రాకెట్ పిడికి నేనేం కట్టానో వెంటనే రాయి. పాస్‌పోర్టు ఎక్కడ పెట్టానో మీ అన్నకు కూడా చెప్పలేదు. ఈ ఉత్తరంలోనూ రాయను.

మీ వదిన