మూడోసారి అడిగినప్పుడు

అమ్మకి,

సరగోసాలో నేను బాగానే ఉన్నాను. అక్కడ నువ్వూ నాన్నా, మన కుంటి గొర్రే కులాసాగా ఉన్నారని తలుస్తున్నాను. ఫోన్ చెయ్యమని రాశావు. మన ఊళ్ళో ఫోన్ ఉన్నది రొట్టెల కొట్లో కదా. నువ్వు ఊఁ అన్నా చాలు, సాయంత్రానికల్లా ఊరంతా దానికి అర్థం చెబుతుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

ముందు నీ ప్రశ్నలు. వలెన్సియాకి స్వెటర్ పట్టుకెళ్ళాను గానీ సంచిలోంచి తియ్యలేదు. అక్టోబరులో కూడా అక్కడ ఎండ కాస్తూనే ఉంది. నువ్వు పంపిన గొర్రెపాల చీజ్ నేను మెచ్చిన విసెంట్ వాళ్ళింట్లో అందరికీ నచ్చింది. చదువు సంగతి అడిగావు. వచ్చే ఏడాది మన లోయలో పశువుల డాక్టరు దగ్గర పని నేర్చుకోవడానికి నాకు చోటు ఖాయమైంది. ఈ మాట నాన్నకి గట్టిగా చదివి వినిపించు.

సముద్రం ఎలా ఉందని కూడా అడిగావు. మన వంశంలో సముద్రంలో కాలు పెట్టే మొదటిదాన్ని నేనేనని ఈత బట్టలు కూడా కొనుక్కుని వెళ్ళాను. అవి తడవకుండానే తిరిగొచ్చాయి. వాళ్ళ మేడ మీది కిటికీలోంచి, రెండిళ్ళ సందులో, నీలంగా ఒక ముక్క కనిపించింది. నేను చూసిన సముద్రం అదే.

శనివారం భోజనాలయ్యాక సముద్రానికి వెళ్దామన్నాడు విసెంట్. ఈలోగా వాళ్ళమ్మ ఎంపార్ నన్ను మేడ మీదికి పిలిచింది. అక్కడ విసెంట్ నానమ్మ కూర్చుని ఉంది. ఇంటిల్లిపాదీ ఆవిడని యాయా అంటారు. మంచం మీద గౌను పరిచి ఉంది. మార్చి పండగకి వాళ్ళ ఆడవాళ్ళు వేసుకుని ఊరేగుతారు చూడు, అలాంటి పట్టుగౌను, బంగారు పువ్వులది. యాయా పెళ్ళినాటిదట. సరదాగా వేసి చూడమన్నారు. నన్ను పీట ఎక్కించి, నాకు వదులైన చోటల్లా గుండుసూదులు పెట్టడం మొదలుపెట్టారు.

“కొండపిల్ల నడుమేంటే ఇంత సన్నం? మీవాళ్ళు గొర్రెలకి పెట్టాకే మనుషులకి పెడతారా?” అంది యాయా. నేనూ నవ్వాను. నవ్వితే పక్కలో సూది గుచ్చుకుంది. ఆ తర్వాత నవ్వలేదు.

అప్పుడు ఎంపార్, ఇది నీకే అమ్మాయీ, తీసుకో అంది. అయ్యో వద్దండీ అన్నాను. ఇంకోసారి అంది. నాకెందుకండీ ఇంత ఖరీదైనది అన్నాను. రెండుసార్లు వద్దనాలి, మూడోసారి కాదంటే ఇంటివాళ్ళని అవమానించినట్టు. నువ్వు నేర్పిందే కదా. మనవాళ్ళు కాఫీ దగ్గర్నుంచి కోడిపిల్ల దాకా అలాగే తీసుకుంటారు. మూడోసారి అడిగింది. తలూపాను.

వెంటనే యాయా కత్తెర తీసింది. నడుం దగ్గర పట్టు కత్తిరించిన చప్పుడు ఇంకా నా చెవుల్లోనే ఉంది. ఇక అది నాకు తప్ప ఎవరికీ పట్టదు. నా చుట్టూ తిరుగుతూనే మిగతావన్నీ వాళ్ళే తేల్చేశారు. మార్చి పండగకి ఈ గౌను, ఈస్టరు వెళ్ళాక పెళ్ళి, పై వాటాలో కాపురం, కింద వాళ్ళ కూల్‌డ్రింకుల కొట్లో గల్లాపెట్టె దగ్గర నేను. చదువు ఇంకా మిగిలి ఉందండీ అన్నాను. “గొర్రె కడుపులో చెయ్యి పెట్టే చదువు మా కొట్లో దేనికమ్మా?” అంది ఎంపార్. కోపంగా కాదు, ముద్దుగానే అంది. ఒంటి నిండా సూదులతో కిటికీ దాకా కూడా వెళ్ళలేకపోయాను.

ఆదివారం స్టేషన్లో విసెంట్‌తో చెప్పాను, చదువు మానను, నాకు మన లోయ కావాలి అని. వాడు చెడ్డవాడు కాదు. పాపం, బిత్తరపోయాడు. “మరి అమ్మతో చెప్పలేకపోయావా? నిన్ను మూడుసార్లు అడిగిందిగా,” అన్నాడు.

ఇంతవరకూ దాచిన మాట ఒకటుంది. మర్యాదకి తలూపానని నువ్వనుకుంటావు. కాదు. పెద్ద కొడుకుని చేసుకోబోయే పిల్లకే ఆ గౌను ఇస్తారని విసెంట్ నాకు ఎప్పుడో చెప్పాడు. అన్నీ తెలిసే తలూపాను. మూడోసారి వద్దనడం ఎలాగో నాకు తెలియదు. మన ఇంట్లో ఎవరూ అనగా వినలేదు. నాన్నని చేసుకోమన్నప్పుడు నువ్వూ మూడోసారికే తలూపావని పెద్దమ్మ నవ్వుతూ చెప్పేది. ఆ మాటకి నువ్వెప్పుడూ నవ్వలేదు.

స్టేషన్లో అంత చెప్పినా, నేను తలూపిన మాటే పట్టుకుని వచ్చే ఆదివారం ఎంపార్, విసెంట్ మన ఊరు వస్తున్నారు, నన్ను కోడలిగా ఇమ్మని నిన్ను అడగడానికి. బాదం మిఠాయి పెట్టె తెస్తారు. దాన్ని మూడోసారికి తీసుకో, ఫరవాలేదు. తర్వాత నా సంగతి అడుగుతారు. మొదటిసారి వద్దను. రెండోసారి వద్దను. మూడోసారి కూడా వద్దనమ్మా. శనివారం బస్సుకి నేనూ వస్తాను, నీ పక్కనే నిలబడతాను. ఒక్కసారి నీ నోట ఆ మాట వింటే, ఆ తర్వాత నేనూ అనగలను.

ఇట్లు,
ఇంకా ఒంటి మీద సూదులున్నట్టే మెల్లిగా నడుస్తున్న
నీ కూతురు,
ఒరోసియా