వచ్చే గురువారం అమ్మకు ఆపరేషన్

తిరుపతి, బుధవారం

తమ్ముడు ఏకాంబరానికి, ఫోన్ చేస్తే కట్ చేస్తున్నావు కాబట్టి కార్డు రాస్తున్నాను. పాకాలలో మన వీధంతా చదివినా నాకు సంతోషమే!

"కోయకుండా మందు ఎక్కిస్తా ఉండారంటే డాక్టర్లు వదిలేసినట్టే" అని అందరికీ చెప్పింది నువ్వే కదా? ఆ మాట నమ్మి పూతలపట్టు పిన్నమ్మ కడసారి చూపుకని ఏడుస్తూ వచ్చింది. అండాశయం క్యాన్సర్ కడుపులో పాకి ఉంటే ముందు మందుతో కుదించి, తర్వాత కోస్తారు. అది వదిలేయడం ఎట్లా అవుతుందయ్యా? మూడు డోసులకే గడ్డ సగానికి పైగా తగ్గింది, కడుపులో నీరు పోయింది! నిన్నటి స్కాన్ చూసి ఆపరేషన్‌కు తేదీ ఇచ్చేశారు!

మందుకు అమ్మ జుట్టంతా రాలింది. నిన్న ఆస్పత్రి నుంచి తిరిగి వస్తుంటే బస్సులో ఒకామె ఆ గుండు చూసి, "దర్శనం బాగా అయిందా అవ్వా?" అనింది. అమ్మ తడుముకోకుండా, "ఇంగా యాడ మే, వచ్చే గురువారానికి ఇచ్చినారు" అనేసింది. ఎన్నాళ్లకో నవ్వింది.

రెండు యూనిట్ల రక్తం కావాలన్నారు. నీదీ అమ్మదీ ఒకే గ్రూపు. మంగళవారం రా. అమ్మ మెత్తటి నూలు చీరలు రెండు తీసుకురా. ఆవు ఈనిందా? ప్రశాంతికీ పిల్లలకూ అమ్మ దీవెనలు.

"వాడు కోపంతో రాలేదా, భయపడి రాలేదా మే?" అని అమ్మ పొద్దున అడిగింది. భయమేనని, మంగళవారం తప్పక వస్తావని చెప్పాను. ఇన్నేళ్లలో నీ తరఫున నేను వాదించింది ఇదొక్కసారే. నన్ను ఓడించకు.

మీ అక్క రేవతి