నూలు తాగిన గంజి

కార్తీక బహుళ విదియ, గుడియాత్తం.

ఈ ఉదయం నేత వీధిలో కాఫీ మీద నిప్పులు చెరిగాను. పురాణ గ్రంథం ఒళ్లో పెట్టుకుని, అన్నమే దైవమనీ, తాతల నాటి గంజిని వదిలి కాఫీ మరిగిన ఇల్లు నిలవదనీ గొంతు చించుకున్నాను. వీధి పొడవునా సాచిన పడుగు నూలుకు గంజి పెడుతున్న మునెమ్మ కుంచె ఆపి నవ్వింది.

"సామీ, మా మామ గంజంతా తాగేసి, అడుగు నీళ్లు నూలుకు పెడతా ఉండె. పోగులు తెగతానే ఉండె. ఇప్పుడు మాకు కాఫీ, నూలుకు గంజి. యాడన్నా తెగిందేమో సూడు సామీ!"

వీధంతా నవ్వింది. గ్రంథం మూసి ఆమె ఇంటి వైపు చూశాను. నిజమే, ఆ ఇంట ఒక మగ్గం రెండయింది, పూరికప్పు పోయి పెంకులొచ్చాయి.

ఇప్పుడు కళ్లు మూస్తే ఎండలో మెరిసిన ఆ పడుగే, తెల్లటి ఏరులా పారుతోంది. దాని ఒడ్డున మునెమ్మ మనవరాలు. పొద్దున ఆ పిల్ల ఖాళీ కాఫీ లోటా నాకుతూ, "అవ్వా, నాకూ రోంత గంజి పొయ్యి" అంది.

"అది నూలుకమ్మా" అంది మునెమ్మ, ముద్దుగానే.

నూలు బలపడింది. రేపు ఆ మగ్గం మీద ఆడవలసిన ఆ పిల్ల చేతులు మాత్రం ఈనెపుల్లల్లా...