గీత దాటిన మూడు చుక్కలు

మాస్కో,
14 నవంబరు 1961

గౌరవనీయులైన వెనియమిన్ ఇల్యిచ్ గారికి ఫైనా నమస్కారాలు.

ఐదేళ్లు ఒకే బల్ల దగ్గర పనిచేసినవాణ్ణి ఇలా పిలవడం నాకే ఎబ్బెట్టుగా ఉంది. ఇక వేన్యా అనే అంటాను. సరాతోవ్‌లో బడిపిల్లలకి రసాయనశాస్త్రం చెబుతున్నావట. ఇక్కడ మంచు ముందే మొదలైంది. క్యాంటీన్‌లో క్యాబేజీ సూపు ఎప్పటిలాగే నీళ్లు.

విషయానికి వస్తాను. నీ పరిశోధన గ్రంథాన్ని మన సంస్థ విద్వత్సభ తిరస్కరించింది మూడు చుక్కల వల్ల. ద్రావణంలో గుండ్రంగా తిరిగే ప్లాటినం బిళ్లకి వేగం పెంచితే, ఆ వేగపు వర్గమూలాన్ని బట్టి కరెంటు పెరగాలి. గ్రాఫులో చుక్కలన్నీ ఒకే తిన్నని గీత మీద పడాలి. ఎక్కువ వేగంలో తీసిన నీ చివరి మూడూ గీత దాటి పైకి పోయాయి. బిళ్లని నువ్వు సరిగ్గా నునుపు చేసుకోలేదని నేనే లేచి అన్నాను. అందరూ నవ్వారు.

పోయిన వారం, బిళ్లని తిప్పే ఆ యంత్రాన్ని పాతసామాన్ల గదికి పంపేముందు మళ్లీ తిప్పి చూశాను. నాకూ ఆ మూడు చుక్కలు పైకే పోయాయి. బిళ్ల బిగించిన ఇరుసు కొస వెంట్రుకవాసి ఊగుతోంది. వేగం పెరిగితే బిళ్ల కింద ద్రావణాన్ని చిలికేస్తోంది, అందుకే కరెంటు ఎక్కువ. బేరింగు అరిగిందని నివేదిక ఇచ్చాను. మన పెద్దాయన గ్లెబ్ అర్కాదియెవిచ్ చదివి, యంత్రం చేసిన పాపానికి కుర్రాణ్ణి బలిచేశామా, పిలిపించండి వాణ్ణి అన్నారు. మార్చిలో సభ మళ్లీ నీ మాట వింటుంది. జనవరిలో వస్తే కొత్త ఇరుసు మీద కొలతలు తీసుకోవచ్చు.

మెకానిక్ ప్రోఖోర్ మామయ్య నిన్ను అడిగినట్టు చెప్పమన్నాడు. మీ ఊరి వోల్గా నది ఎండుచేప తేకపోతే వర్క్‌షాపు గుమ్మం తొక్కనివ్వడట.

ఆరోగ్యం జాగ్రత్త.
ఫైనా

తా.క. నిన్న అంటించిన కవరు ఇవాళ మళ్లీ విప్పాను. బేరింగు అరగలేదు. ప్రోఖోర్ మామయ్య దాన్ని ఊడదీసి, వేలితో తిప్పి చూసి, ఇది గుండ్రాయిలా ఉందమ్మాయ్, ఇరుసునే ఎవరో కింద పడేశారు అని నా మొహంలోకి చూశాడు. పడేసింది నేనే, నీ చివరి కొలతల ముందురోజు. వంకర కంటికి కనబడలేదు. తుడిచి పెట్టేశాను. అక్కడిదాకా పొరపాటు. సభలో నీ గ్రాఫు చూడగానే నాకు అర్థమైంది. అయినా లేచి ఆ మాట అన్నాను. ఆ ఏడాది ఇక్కడ ఖాళీగా ఉన్నది ఒక్క ఉద్యోగమే. అది నాకొచ్చింది. సిగ్గుగా ఉంది, వేన్యా. నివేదిక మార్చి, ఇదంతా రాసి, ఈ ఉదయమే పెద్దాయన బల్ల మీద పెట్టాను. నువ్వు నాతో మాట్లాడనక్కర్లేదు. కొలతలకి మాత్రం రా.