రాణికి వేసిన కార్జం

వసంతక్కకు వందనాలు.

ఇది ఫోన్లో చెప్పేది కాదు, అందుకే రాస్తున్నాను. మా పాప కెరెన్ కడుపునొప్పి గ్యాస్ కాదట. స్కానింగులో దాని కార్జంలో నిమ్మకాయంత నీటితిత్తి కనబడింది. అది కుక్కల నుంచి వచ్చే బద్దెపురుగు తిత్తి అన్నారు డాక్టరు. ఇంట్లో కుక్క ఉందా, పచ్చి మాంసం వేస్తారా అని అడిగి, ఇలాంటి తిత్తులున్న గొర్రె కార్జం ఫొటో చూపించారు. వాటిని నేను ఎరుగుదును అక్కా.

చర్చిలో ప్రేమవిందుకి మాంసం తెచ్చేది నేనే కదా. నీటిబుడగలున్న కార్జాన్ని దుకాణం భయ్యా "ఖరాబ్ హై దీదీ" అని పక్కన పడేస్తే, పారేయడమెందుకని అడిగి తెచ్చి మన కుక్క రాణికి వేసేదాన్ని. దాంతో రాణి పొట్టలో పురుగులు పెరిగాయట. వాటి గుడ్లు దాని బొచ్చుకి అంటుకుని, దాన్ని కావలించుకు పడుకునే పిల్ల నోట్లోకి పోయాయట. ఇరవై ఏళ్లుగా వార్డులో అందరినీ చేతులు కడుక్కోమని పోరే నర్సుని నేను.

మూడేళ్ల క్రితం నువ్వు మా ఇందిరాపురం వచ్చినప్పుడు, పారేసే కార్జం తెచ్చి కుక్కకి వేయమని నీకూ నేర్పాను. మీ కుక్కని డాక్టరుకి చూపించి కడుపులో పురుగులకి మందు వేయించు. మీ బాబు షాలోమ్‌కి స్కానింగు తీయించు, ఆలస్యం చేయకు.

మా పిల్లకి సోమవారం ఆపరేషను. రాణికి ఏం పెట్టావని నిన్న కెరెన్ అడిగింది. కార్జం ఉడకబెట్టి పెట్టానన్నాను.

"ఉడకబెట్టడమెందుకు మమ్మీ? నువ్వెప్పుడూ పచ్చిదే వేస్తావు కదా" అంది.

నీ చెల్లి