నీలం గది ఖాళీ లేదు

సెంట్ మోర్సాక్,
ఆగస్టు 19

మావారు ఫెర్నాన్ గారికి,

ఇక్కడ నేనూ, కుక్కా, ఇరవై రెండు బాతులూ కులాసా. అక్కడి ఆసుపత్రిలో మీ తుంటి ఎముక కూడా కులాసా అని తలుస్తున్నాను. కులాసాగానే ఉంటుంది లెండి, రోజూ సాయంత్రం కొలెట్ అనే నర్సు చెయ్యి పట్టుకుని సముద్రం ఒడ్డున నడిపిస్తోందని రాశారుగా. రెండు పేజీల ఉత్తరంలో ఆ పిల్ల పేరు నాలుగుసార్లు వచ్చింది. నా పేరు కవరు మీద ఉంది.

పడవకి తారు పూశారా అని అడిగారు. పక్కింటి ఈవెట్ మొగుడు పూశాడు, సగం తన ప్యాంటుకే పూసుకున్నాడు. అక్రోటు చెట్లు ఈ ఏడు బాగానే కాశాయి. మీరు లేకుండా మన ఇంట్లో గదులు అద్దెకి తీసుకున్న అతిథుల్ని ఎవరు తిప్పుతున్నారని బెంగపడ్డారు. మీరు లేకపోతే కోటలు కూలిపోతాయా? ఈవెట్ తన వ్యానులో తిప్పుతోంది. మంగళవారం బొమ్మల గుహ, బుధవారం సార్లా ఊళ్ళో సంత, గురువారం నది, శుక్రవారం కోటలు, అన్నీ మీ వరసలోనే. నేను వాళ్ళని వాకిట్లోంచి సాగనంపి, దుప్పట్లు మార్చి, బాతు మాంసం పొయ్యి మీద పెడతాను. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా చేస్తున్నదే.

మదాం గోద్లీవ్ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చిందా అని కూడా అడిగారు. అదీ చివర్లో, సంతకం కింద, అప్పుడే గుర్తొచ్చినట్టు. దాని సంగతి తర్వాత చెప్తాను.

ఆవిడ మంచిదే, కాదనను. మొగుడు పోయిన దగ్గర్నుంచి పదకొండేళ్ళుగా బెల్జియం నుంచి ఒక్కతే వచ్చి, సెప్టెంబరు రెండో వారం నీలం గదిలో దిగుతుంది. నాకు లేసు రుమాళ్ళు తెస్తుంది. అందుకే ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను. కానీ నాకు కళ్ళు లేవనుకోకండి. మిగతా అతిథుల్ని గుంపుగా వ్యానెక్కిస్తారు, ఆవిడని మాత్రం ఒక్కదాన్నే కారులో తీసుకెళ్తారు. ఆ వారం రోజూ గడ్డం గీసుకుంటారు. సూప్ అయిపోయాక గిన్నె అడుగున ఎర్ర వైన్ పోసి, ఎత్తి తాగడం ఆవిడకి నేర్పించారు. మిమ్మల్ని అల్లుడిగా ఒప్పుకున్న రోజున మా నాన్న మీ చేత అలా తాగించాడు. అది ఇంటి మనిషితో తాగేది, ఫెర్నాన్ గారూ. ఆవిడ మూతికి అంటిన వైన్ చూసి మీరు నవ్వుతుంటే, నేను తలుపు దగ్గర కూర గిన్నెతో నిలబడ్డాను. నాకు కుళ్ళు. ఈ వయసులో ఈ మాట రాయడానికి సిగ్గేస్తోంది, అయినా రాస్తున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. మొన్న మంగళవారం వంటింటికి తాళం వేసి, అతిథులతో పాటు ఈవెట్ వ్యానెక్కాను. బొమ్మల గుహకి.

“నీకేమైనా పిచ్చా జర్మేన్?” అంది ఈవెట్. “మనవాళ్ళెవరైనా టికెట్ కొని ఆ గుహ చూస్తారా? మీ అత్తగారు వింటే సమాధిలోంచి లేచొస్తుంది!”

“రానీ. ఆవిడకీ ఒక టికెట్ కొంటా.”

నిజమే, ఇక్కడ పుట్టినవాళ్ళం ఏదీ చూడం. చూసేది వచ్చినవాళ్ళు, చూపించేది మగవాళ్ళు, వండేది మేం. పెళ్ళయిన కొత్తలో ఒకసారి అడిగితే, “ఈ ఊరిదానివి, నీకు కొత్తగా చూసేదేముంటుంది?” అన్నారు. నేనూ అంతే కాబోలు అనుకున్నాను.

టికెట్ కిటికీలో ఒక తెల్లజుట్టావిడ ఉంది. పేరు అడిగితే మన ఇంటిపేరు లబోరి అని చెప్పాను. ఆవిడ మొహం వెలిగిపోయింది.

“లబోరీ? సెంట్ మోర్సాక్ లబోరీనా? ముస్యే లబోరి ఎలా ఉన్నారు? ఆయన భార్య బాగుందా? పొడుగ్గా, నీలం టోపీ పెట్టుకుని వస్తుంది చూడండి, ఆవిడ. ఏటా ఇద్దరూ వస్తారు. ఎంత ముచ్చటైన జంటో! మీరు వాళ్ళకి ఏమవుతారు?”

నా వెనక డచ్చివాళ్ళు పర్సులు తీసి నిలబడ్డారు. “వాళ్ళింట్లో వంటమనిషిని” అన్నాను.

“అదృష్టవంతులండీ, మంచి ఇల్లు దొరికింది” అంది ఆవిడ.

మదాం గోద్లీవ్‌ని మీ భార్య అనుకున్న పొరపాటు ఆ టికెట్లావిడది, మీరేం చెప్పలేదు, అది నాకు తెలుసు. కానీ పదకొండేళ్ళలో ఒక్కసారైనా మీరు దిద్దలేదు కదా.

లోపల గైడు దీపం ఎత్తగానే గుహ గోడ మీద గుర్రాల బొమ్మలు కనిపించాయి. ఎర్రటివి, నల్లటివి, పొట్టలు లావుగా, కాళ్ళు పొట్టిగా. రాతి మీద ఉబ్బు ఎక్కడుందో చూసి అక్కడే పొట్ట గీశాడు, వేల ఏళ్ళ కిందట గీసినవాడెవడో. నాకు ఏడుపొచ్చింది. ముందు గుర్రాల్ని చూసి, తర్వాత మిమ్మల్ని తలుచుకుని. ఇంత అందమైనది పదకొండుసార్లు చూసి, ఇంటికొచ్చి నా ఎదురుగా కూర్చుని, మీరు ఒక్క ముక్క చెప్పలేదు. సూప్‌లో ఉప్పు తక్కువైందన్నారు. మదాం గోద్లీవ్‌తో మీరు వేరే ఏమైనా చేశారా అని అడగను, చేసి ఉండరు. మీరు నాకు చెప్పాల్సిన మాటలన్నీ ఆవిడకి చెప్పేశారు. నాకు మంట పుట్టేది అక్కడ.

మదాం గోద్లీవ్ ఉత్తరం పన్నెండు రోజుల కిందట వచ్చింది. మీకు చెప్పకుండా దాచాను. ఎప్పటిలాగే సెప్టెంబరు రెండో వారం నీలం గది అడిగింది. మంగళవారం ఇంటికి రాగానే, టోపీ కూడా తియ్యకుండా జవాబు రాసి పోస్టు చేశాను. గది ఖాళీ లేదని రాశాను.

అది అబద్ధం కాదు. రిజిస్టరులో ఆ ఏడు రోజులకీ నా పేరు రాసుకున్నాను. మీరు మూడో తారీఖున వస్తున్నారుగా, ఎనిమిదిన నేను ఆ గదిలో దిగుతాను. పొద్దున్నే కాఫీ మేడ మీదికి తెండి, మెట్లు మీ తుంటికి మంచివని డాక్టరు అన్నాడట. గడ్డం గీసుకోండి. నదీ, కోటలూ అన్నీ చూపించండి, ఆవిడకి చెప్పినవన్నీ నాకూ చెప్పండి. తెలిసినవైనా మధ్యలో అడ్డు రాను.

గుహకి మాత్రం మొదటి రోజే వెళ్దాం. ఆ తెల్లజుట్టావిడ నన్ను చూసి, ఈవిడెవరని తప్పకుండా అడుగుతుంది. ఈసారి మీరు చెప్పండి.

ఇట్లు,
మీ భార్య,
జర్మేన్