అక్క కొలతల కోటు

ఇబ్రహీంపట్నం, ఆదివారం

బావా నేనూ వెళ్లే ప్రయాణం ఖాయమైంది. స్విట్జర్లాండ్‌లో నాలుగు రోజులు, అక్కడి నుంచి రైల్లో ఆస్ట్రియాకు పోయి మూడు రోజులు. ఏ రోజు ఏం కట్టుకోవాలో, ఏ మందులు ఏ సంచిలో పెట్టాలో అన్నీ రాసుకున్నాను.

సాయంత్రం బావ మీర్‌పేట్ నుంచి నాకు చలికోటు తెచ్చాడు. అక్క చనిపోయాక బావనే పెళ్లి చేసుకుని ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి, కొత్త బట్ట ఏదైనా ముందు అక్క ఫోటో దగ్గర పెట్టి, ఆ తర్వాతే నేను వేసుకుంటాను. ఇవాళ సంబరంలో ఆ మాటే మరిచి తొడుక్కున్నాను. చేతులు మణికట్టు దాకా రాలేదు. భుజాల దగ్గర పట్టేసింది.

"గింత చిన్నది తెచ్చినవేంది బావా? నేనేమన్న చిన్నపిల్లనా?"

"నీ సైజే కదనే! దుకాణంల గింత ఉంటదని చేత్తోని చూపిచ్చి మరీ తెచ్చిన."

అంటూ మళ్లీ నాకు చూపించిన చెయ్యి ఆయన భుజం కంటే కిందే ఆగింది. అక్క అంతే ఎత్తు ఉండేది. నేను ఆయన చెవి దాకా వస్తాను.

ఆయనకూ అప్పుడే తట్టినట్టుంది. చెయ్యి దించేసి, "రేపు మార్చుకొస్త తియ్," అన్నాడు.

మంచుకొండలు చూడాలని అక్క ఎప్పుడూ అనేది. నాకు చలి పడదు. ఈ దేశాలు ఎవరి కోసం ఎంచావని అడగబోయాను...

మార్చొద్దని చెప్పి, కోటు మడిచి ఫోటో ముందు పెట్టి వచ్చాను. నాకు ఇంకొకటి తెచ్చుకుంటాను. సామాను జాబితాలో ఆడవాళ్ల కోటు ఒకటి అని ఉన్నదాన్ని కొట్టేసి, రెండు అని రాశాను.